కొండల వేళ్ల మీద కోస్గి

కోస్గి అను ఊరి పేరును మీలో చాలామంది బస్సు బోర్డు మీద తప్ప మరెక్కడా చదివి యుండరు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన ఈ ఊరు 2019వ సంవత్సరం ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. ఉత్తరాన కొడంగల్, నైరుతి దిక్కున మద్దూరు, దక్షిణాన కోయిలకొండ. యాత్రికులు దిగి చూడవలసిన వింతలేమీ లేవని ఇక్కడివారే చెప్పుదురు. కందుల బస్తాలతో వచ్చే రైతులు, బొంబాయికీ పూణెకూ పనులకు బయలుదేరే కుటుంబాలు, బడి పిల్లలు, ఊరి రద్దీ అంతా ఇంతే. అయితే సేవ నిమిత్తము ఈ చుట్టుపక్కల గ్రామాలలో మోటారు సైకిలు మీద తిరిగిన ఇన్నేళ్లలో మాకు తోచినదేమనగా, ఈ ఊళ్ల వింత అంతా కాళ్ల కింద ఉన్నది. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనని చాలా దినములుగా అనుకొనుచున్నాము.

కదలని దానిని గూర్చి చెప్పవలసి వస్తే మనము కొండనే చూపిస్తాము. ఆదుకొనే మనిషి ఉంటే కొండంత అండ అంటాము. ఇక్కడ గుట్ట మీద గొర్రెలు కాచే ముసలాయనను అడిగితే, "మా తాతల నాటి సంది గిట్లనే ఉన్నది అయ్యగారూ" అంటాడు. ఆయన చెప్పినది అబద్ధము కాదు. మూడు తరాలు కాదు, ముప్పై తరాలు కాపలా కాసినా ఆ గుట్టలో తేడా కంటికి ఆనదు. మన ఆయుష్షు చిన్నది గనుక గుట్ట నిలిచియున్నట్లు కనబడుచున్నది.

కోస్గి నుండి కోయిలకొండ వైపు వెళ్లండి. దారి పొడుగునా గుండ్లు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్లు ఉంటాయి. కోయిలకొండ మీద కుతుబ్ షాహీల కాలపు కోట గోడలు కూడా ఇటువంటి గుండ్ల నడుమనే లేచినవి. ఇది గ్రానైటు. ఒక ముక్కను ఎండలో పట్టి చూస్తే తెల్లని, గులాబి రంగు పలుకులు, గాజువంటి పలుకులు, మధ్య మధ్య నల్లని చుక్కలు విడివిడిగా కనబడతాయి. పాకము త్వరగా చల్లారితే బెల్లపు అచ్చు అవుతుంది గాని పటికబెల్లము కాదు. పలుకులు పెద్దవిగా కట్టవలెనంటే నిదానముగా చల్లారవలెను. గ్రానైటు కూడా అంతే. కరిగిన రాయి భూమి లోపల, పైన కిలోమీటర్ల మందాన రాతి దుప్పటి కప్పుకొని, లక్షల సంవత్సరాలు మెల్లగా చల్లారితే తప్ప ఇటువంటి పలుకు కట్టదు. మన ప్రాంతపు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క.

ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించవలెను. లోతున పుట్టిన రాయి ఈ రోజు మేకలు ఎక్కే చోట ఎండలో ఉన్నది. మరి పైనున్న ఆ కిలోమీటర్ల రాయి ఏమైనట్లు? అది పోయినది. ఎండకు పగిలి, వానకు నాని, వాగులో కొట్టుకొనిపోయి, ఏ సముద్రములోనో మట్టిగా దిగినది. ఇటువంటి పాత చదును నేలల మీద రాయి పది లక్షల సంవత్సరాలకు కొన్ని మీటర్ల చొప్పున అరుగునట. ఒక మనిషి నూరేళ్లు బతికినా ఆ అరుగుదల గోరు మందము ఉండదు. కాని కాలానికి తొందర లేదు. మనము గుట్టలని పిలిచేవి ఒకనాటి కొండల శిఖరాలు కావు, వాటి వేళ్లు. చెట్టు పోయినాక మిగిలిన మొద్దు మీద మనము ఊళ్లు కట్టుకొన్నాము.

గుండ్లు గుండ్రముగా ఉండుటకు కూడా కారణమిదే. పైని బరువు తొలగిపోగా లోపలి రాయి కొంచెము ఉబ్బి, ఉల్లిగడ్డ పొరల మాదిరిగా పొరలు పొరలుగా విడిపోతుంది. పగుళ్లలో దిగిన నీరు మూలలను ముందుగా తినివేస్తుంది. పదునైన మూలలు ముందు పోతాయి, నడుమ మిగిలినది గుండు. హైదరాబాదులో ఇటువంటి గుండ్లను కాపాడవలెనని 1996లో ఒక సంఘమే ఏర్పడినది. పట్టణములోని వారికి అవి అపురూపము. మన పల్లెల వారికి మాత్రము, నిజము చెప్పవలెనంటే, నాగలికి అడ్డు.

మద్దూరు, నారాయణపేట పొలాలలో ఇంతకంటె విచిత్రమైనదొకటి కలదు. అక్కడక్కడ గ్రానైటును చీల్చుకొని పైకి వచ్చిన ముదురు రంగు రాతి గొట్టాలున్నవి. వాటిని కింబర్లైటు అందురు. 100 కిలోమీటర్లకు మించిన లోతు నుండి, సుమారు 110 కోట్ల సంవత్సరాల క్రిందట ఆ రాయి పైకి తన్నుకొని వచ్చినది. వజ్రాలను మోసుకొని వచ్చేది ఈ జాతి రాయే గనుక భూగర్భ సర్వే వారు ఇక్కడ చాలా వెదికిరి. చెప్పుకోదగ్గ వజ్రాలు దొరకలేదు. మాకు ఆ సంగతి కంటె గొప్పగా తోచిన సంగతి ఇంకొకటి. అంత బలముగా పేలిన చోట పైన ఒక అగ్నిపర్వతపు నోరు ఉండి తీరవలెను గదా. అది ఇప్పుడు లేదు. ఆ నోరు, మెడ అరిగిపోయి అడుగు వేరు మాత్రమే జొన్న చేను కింద మిగిలినది. చేను గలవాడు దాని మీద గుంటక తోలుకొనుచున్నాడు.

ఒక వేసవిలో మా సంఘపు యవ్వనస్థులను కొందరిని జీపులో ఎక్కించుకొని కొడంగల్ మీదుగా తాండూరు వెళ్లితిమి. వారిలో ఒకరికి ఇల్లు కట్టుకొనుటకు బండలు కావలసియుండెను, మిగిలినవారు తోడు. ఈ దారిలో నేల రంగు మారుట చూడదగినది. కోస్గి దగ్గర ఎర్ర చెలకలు, ఉత్తరానికి పోయిన కొద్దీ నల్లరేగడి. ఈ నల్లమట్టి బసాల్టు అనే నల్లరాయి చివికితే వచ్చినది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట పడమటి నుండి కరిగిన రాయి నెర్రెల గుండా ఉబికి, పొర మీద పొరగా పారి, దక్కను పీఠభూమిని కప్పివేసినది. మహాబలేశ్వరము దగ్గర ఈ పొరల మందము కిలోమీటరుకు పైనే. ఇక్కడికి వచ్చేసరికి పలుచబడినది. మనము ఉన్నది ఆ రాతి కంబళికి తూర్పు అంచున. ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలియున్న ఆ కంబళి ఒకప్పుడు ఇంకా వెడల్పు. అంచు నుండి అరుగుతూ వెనుకకు పోవుచున్నది.

ఈ పొరలు ఒక్క దినమున పడినవి కావు. ఒక పొర చల్లారి, దాని మీద మట్టి ఏర్పడి, చెరువులు నిలిచి, నత్తలు, కప్పలు పుట్టి పెరిగేటంత ఎడము ఉండేది. తరువాత ఇంకొక నిప్పుల వరద వచ్చి కప్పివేసేది. వికారాబాద్ దగ్గర నస్కల్ అను గ్రామమున రెండు రాతి పొరల నడుమ చిక్కిన అటువంటి చెరువు అడుగు దొరికినది. అందులో ఎలుకంత జంతువు పండ్లు దొరికెను. అది పిల్లలకు పాలిచ్చే జాతి జంతువు. ఆ సంగతిని 1988లో శాస్త్రజ్ఞులు లోకానికి తెలియజేసి, ఆ జంతువుకు దక్కను పేరు కలిసేటట్లు డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టిరి. డైనోసార్లు ఉండిన కాలమున ఇక్కడ తిరిగిన చిట్టి ప్రాణి అది. ఆ పండ్లు ఇసుక రేణువుల కంటె ఎంతో పెద్దవేమీ కావు. వాటిని జల్లెడ పట్టి ఏరిన వారి ఓపికకు మేము ఆశ్చర్యపడుచున్నాము.

ఈ నల్లరేగడి పుణ్యమే తాండూరు కంది. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. పప్పు త్వరగా ఉడుకుతుందనీ, రుచియనీ దుకాణదారులు చెప్పుదురు. దాని వెనుక ఒక నిప్పుల వరద, ఆ తరువాత కోట్ల సంవత్సరాల చివుకుడు ఉన్నదని ఎవరూ చెప్పరు. చెప్పినా ధర పెరగదు.

తాండూరు చేరితే మరల వేరే లోకము. ఊరి చుట్టూ బండల గనులు. నీలి రంగువి, పసుపు రంగువి, పలకలు పలకలుగా లేచే సున్నపురాయి. మన ఇళ్లలో, బడులలో, ప్రార్థన మందిరాలలో నేల మీద పరిచే షాబాదు బండలు కూడా ఈ జాతివే. ఈ రాయి కర్ణాటకలోని షాబాదు, వాడి వైపుకు కూడా సాగుతుంది. గనిలో దిగి చూస్తే చీరలు మడతపెట్టి దొంతర పేర్చినట్లుంటుంది. ఒక్కొక్క మడత సముద్రపు అడుగున మెత్తగా దిగిన సున్నపు బురద. అవును, సముద్రమే. ఇప్పుడు బందరు గాని గోవా గాని చేరవలెనంటే రాత్రంతా ప్రయాణము చేయవలసిన చోట ఒకప్పుడు లోతు తక్కువ సముద్రము నిలిచియుండెను. యవ్వనస్థుడొకడు గవ్వ దొరకునేమో అని చాలాసేపు వెదికెను. దొరకదు. అది గవ్వగల జీవులు ఇంకా పుట్టని కాలపు సముద్రము, ఎంత లేదన్నా 50 కోట్ల సంవత్సరాలకు పైమాట. కాగ్నా నది ఇప్పుడు ఆ పాత సముద్రపు అడుగును కోసుకొంటూ పోయి భీమలో కలియుచున్నది. మనుష్యులు అదే రాయిని కాల్చి సిమెంటు చేయుచున్నారు. కరన్‌కోట్ దగ్గర ప్రభుత్వ సిమెంటు కర్మాగారము కూడా దీనికోసమే వెలిసినది. ఆనాడు మేము బేరమాడి తెచ్చిన బండలు ఆ ఇంటిలో ఇప్పుడు నున్నగా ఉన్నవి. ఇంటి ఇల్లాలు రోజూ సముద్రము అడుగును తుడుచుచున్నదని మేము వేళాకోళము చేస్తే, "తుడవకుంటే మీరే మొదలు అడుగుతరు అయ్యగారూ" అన్నది.

అలల ముద్ర కూడా రాతి మీద నిలుచునని చెప్పితే మీరు నమ్మరేమో. ఒక కూడిక నిమిత్తము మేము శ్రీశైలము దారిలో మన్ననూరు దాటి నల్లమలలోనికి వెళ్లితిమి. ఇది మన పాత మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణపు అంచు, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. అక్కడి కొండలు మన గుట్టలవలె గుండ్లు కావు, పైన బల్లపరుపుగా, అంచున గోడవలె నిలువుగా ఉంటాయి. ఇసుక గట్టిపడి అయిన క్వార్ట్జైటు రాయి. దారి పక్క ఒక బండ మీద చిన్న చిన్న మడతలు వరుసగా కనబడినవి. వాగులో నీరు తీసిన తరువాత ఇసుక మీద కనబడే మడతలు ఎట్లుంటాయో అట్లే. చేతితో తడిమితే వేళ్లకు ఆనుతాయి. 100 కోట్ల సంవత్సరాలకు తక్కువ కాని ఒకానొక దినమున, లోతు లేని నీటిలో అల ఒకటి ముందుకు వెనుకకు ఆడి, ఆ ఇసుకను అట్లా మడిచి వెళ్లినది. దాని మీద వెంటనే ఇంకొక పొర ఇసుక కప్పబడినందున అది దాగినది. లోకములో అలకంటె త్వరగా పోయేది ఏమున్నది? ఆ అలను కన్న సముద్రము లేదు, ఆ సముద్రానికి ఇసుక పంపిన కొండలు లేవు, అల ముద్ర మాత్రము మిగిలినది. ఏది నిలుచునో ఏది పోవునో మనము అంచనా కట్టలేము.

ఆ కొండల మాట వచ్చినప్పుడు 2025వ సంవత్సరం ఫిబ్రవరి 22వ తేదీని తలంచక మానలేము. శ్రీశైలము జలాశయము నుండి నల్లగొండకు నీరు తీసుకొని వెళ్లుటకు తవ్వుచున్న సొరంగము, దోమలపెంట దగ్గర మొదలై సుమారు 14 కిలోమీటర్లు లోపలికి వెళ్లినచోట కప్పు కూలినది. 8 మంది పనివారు అందులో చిక్కుకొనిరి. దూర రాష్ట్రాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు వారు. మన పాలమూరు కూలీలు ఒకప్పుడు దేశములోని ఆనకట్టలన్నిటికి ఎట్లు పోయిరో అట్లే. వారాల తరబడి వెదికినా ఆ మార్చి నెలలో ఇద్దరి దేహాలను మాత్రమే బయటికి తేగలిగిరి. గట్టి బండ అని మనము నమ్మిన దాని లోపల నీరు ఊరే నలిగిన పట్టీలుంటాయి. పైనుండి చూచేవారికి కొండ నిండైన కొండవలెనే కనబడుతుంది. ఆ కుటుంబాలకు కొండలు కోట్ల సంవత్సరాలకు అరుగునని చెప్పి ప్రయోజనము లేదు.

ఇక మంచు. కోస్గి వారికి మంచుగడ్డ అంటే వడగండ్ల వానే, అదీ మామిడి పిందెలు రాల్చిపోయే వాన. అయినను తెలంగాణలో ఒకప్పుడు మంచు నదులు పారినవి. గోదావరిఖని వైపు వెళ్లినప్పుడు గనిలో పనిచేసే సహోదరుడొకరు బొగ్గు పొరల కింద ఎక్కడో అడుగున ఉండే రాయిని గూర్చి చెప్పిరి. సన్నని బంకమట్టిలో గులకరాళ్లు మొదలు పెద్ద గుండ్ల వరకు కలగాపులగముగా ఉంటాయట. ఏరు మోసుకొని వస్తే పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట దిగుతాయి. ఇట్లా అన్నిటిని కలిపి ఒకేచోట దింపివేసేది మంచు కరిగినప్పుడే. ఒరిస్సాలో తాల్చేరు దగ్గర ఇటువంటి రాయిని చూచి ఇది మంచు పని అని 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ చెప్పిరి. ఎండలు మండే హిందూదేశములో మంచు నదులేమిటని అనేకులు పెదవి విరిచిరి. తరువాత 1875లో ఫెడెన్ అను భూగర్భ సర్వే ఉద్యోగి, మన ఆదిలాబాదుకు ఎదురుగా చంద్రపూర్ వైపు పెన్‌గంగ నది దగ్గర సున్నపురాతి మీద సమానమైన గీతలు చూచి ప్రకటించెను. మంచు నది తన అడుగున ఇరుక్కొన్న రాళ్లతో కింది బండను గీకుతూ పోయిన గీతలవి. ఆకురాయి చెక్కను గీరినట్లే.

అది 30 కోట్ల సంవత్సరాల క్రిందటి మాట. అప్పుడు మన దేశము ఆఫ్రికాతోను, ఆస్ట్రేలియాతోను, అంటార్కిటికాతోను కలిసి దక్షిణ ధ్రువము చెంత ఉండెను. ఆ మహా భూఖండానికి గోండ్వానా అని పేరు. ఆదిలాబాదు గోండుల పేరే లోకమంతటా శాస్త్ర గ్రంథాలలోనికి ఎక్కినది. మంచు కరిగిన తరువాత అక్కడ చిత్తడి అడవులు పెరిగి, కూలి, పూడుకొని బొగ్గు అయినవి. ఇల్లెందు దగ్గర విలియం కింగ్ గుర్తించినది ఆ బొగ్గునే. సింగరేణి బొగ్గుతో పుట్టిన కరెంటు మన మోటార్లు తిప్పుచున్నది గనుక, ఆ కరిగిన మంచు తరువాతి అడవికి మనమందరము ఋణస్థులమే.

కదలని భూమి అన్నది ఎక్కడా లేదు. దేశము మొత్తము ఇప్పటికీ ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు, ఇంచుమించు మన వేలిగోరు పెరిగినంత వేగముతో ఈశాన్యముగా జరుగుచున్నది. ఆ తోపుడుకే హిమాలయాలు లేచినవి. 2020లో 8,848.86 మీటర్లుగా లెక్క తేలిన ఎవరెస్టు కొసన ఉన్నది కూడా సముద్రపు సున్నపురాయే, తాండూరు బండకు దూరపు చుట్టము. లేచేది లేస్తూనే అరుగుతుంది. ఒక్కొక్కసారి అరుగుదల నిమిషాలలో జరుగుతుంది. 2021 ఫిబ్రవరి 7వ తేదీన ఉత్తరాఖండ్‌లోని చమోలి జిల్లాలో కొండ కొమ్ము ఒకటి మంచుతో సహా విరిగి లోయలో పడి 200 మందికి పైగా ప్రాణాలు తీసినది.

ఈ కోట్ల లెక్కలు విని మా యవ్వనస్థులు కలవరపడుట కద్దు. మేము వాదము పెట్టుకొనదలచలేదు. మోషే ప్రార్థన అని పేరున్న 90వ కీర్తన వ్రాసినవాడు కొండలకు ఒక పుట్టుక ఉన్నదని ఎరిగినవాడే. యెషయా 54వ అధ్యాయము పర్వతాలు తొలగిపోవుటను జరుగరానిదిగా ఎంచలేదు. కొండలు శాశ్వతమని చెప్పినది మన సామెతలు గాని వారు కారు. ఎన్ని సంవత్సరాలు అనునది రాయి చెప్పవలసిన సంగతి, దానిని చదువనేర్చినవారు చదువుచున్నారు.

మాకు ముఖ్యముగా తోచినది వేరొకటి. రాయి నశించుట మన రైతుకు శాపమా, వరమా? ఈ ప్రశ్న మాకు పుస్తకములో పుట్టలేదు, ఒక బోరు బండి దగ్గర పుట్టినది.

మా సంఘములో ఒక వృద్ధ దంపతులకు ఊరి వెలుపల నాలుగెకరాల చెలక కలదు. కొడుకు, కోడలు పూణెలో కట్టడపు పనికి పోయిరి. అప్పటికే మూడు బోర్లు వేయించిరి. ఒకటి రెండేళ్లు పోసి ఎండినది, రెండింటిలో చుక్క పడలేదు. నాలుగవది వేయించునప్పుడు ప్రార్థన చేయమని మమ్మును పిలిచిరి. రాత్రి తొమ్మిది గంటలకు బండి వచ్చినది. మొదట ఎర్రమట్టి వచ్చినది, తరువాత మొరము, తరువాత తేమ తగిలిన ముతక పొడి. అరవై అడుగుల దగ్గర చెంబుడు నీళ్లు చిమ్మి ఆగినవి. ఆ తరువాత బూడిద రంగు పొడి, ఎండు పిండివంటిది, లేచి మా బట్టలన్నిటి మీద పడినది. రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందల అడుగులు. అదే పొడి. ప్రతి అడుగుకు డబ్బు. "ఇంకో నూరు ఫీట్లు చూద్దాం అయ్యగారూ, అడుగున గంగ ఉంటదంటరు" అని ఆ పెద్దయ్య అనెను. ఆ పెద్దమ్మ మాట్లాడలేదు. ఆమె చెవులకు ఉండవలసిన కమ్మలు అప్పటికే లేవు.

అడుగున గంగ లేదు. గ్రానైటు నేలలో నీరు ఉండేది ఎక్కడనగా, రాయి ఎక్కడ చివికినదో అక్కడ. పైన కొన్ని మీటర్ల మట్టి, మొరము, దాని కింద పగుళ్లు బారిన మెత్తబండ, ఈ రెండే మన నీటి కుండ. వాన నీరు వాటిలో దిగి నిలుచును. ఆ కిందిది చివకని గట్టిబండ. అందులో అరుదుగా ఎక్కడో ఒక నెర్రె తప్ప నీరు పట్టే చోటు లేదు. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరము ప్రాంతములో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కలిసి ఏళ్ల తరబడి బావులను, బోర్లను పరీక్షించి చూచినది కూడా ఇదే. నీటినిచ్చే నెర్రెలు ఎక్కువగా పైనున్న చివికిన పొరకు అంటుకొనియే ఉంటాయి. లోతుకు పోయిన కొద్దీ తగ్గిపోతాయి. అంటే చదువరులారా, కొండ నిజముగా శాశ్వతమై, చివకకుండా, అరగకుండా ఉండి యుంటే కోస్గిలో ఒక్క బావి ఉండేది కాదు, ఒక్క చేను ఉండేది కాదు. రాయి చచ్చినంత మేరకే మనకు నీరు, మట్టి. ఆ పెద్దయ్య నాలుగు వందల అడుగుల లోతున డబ్బు పోసినది చావని రాతిలో.

రాయి కరిగి ఇచ్చేదంతా మేలేనని కూడా చెప్పరాదు. నల్లగొండ పల్లెలలో ఇదే జాతి గ్రానైటు నుండి ఫ్లోరైడు నీటిలోనికి దిగి, మర్రిగూడ వంటి చోట్ల ఎందరి ఎముకలను వంచినదో తెలిసినదే. ఇచ్చే చేయి ఒకటే, దానిలో ఏమున్నదో పరీక్ష చేయించి త్రాగవలెను.

ఇంకొక సంగతి మమ్మును బాధించుచున్నది. గుట్ట తనంతట తాను అరిగితే మట్టి అవుతుంది, చెరువుకు చేరుతుంది, చేనుకు చేరుతుంది. అదే గుట్టను మందు పెట్టి పేల్చి కంకర మరలో వేస్తే పదేళ్లలో గుట్ట మాయమై పోతుంది, దాని చోట గుంత మిగులుతుంది. రోడ్లు కావలెను, ఇళ్లు కావలెను, మా ప్రార్థన మందిరపు కప్పులో కూడా కంకర ఉన్నది గనుక మేము రాళ్లు వేయలేము. అయితే ఊరికి నీరు పంపే గుట్ట ఏది, పంపనిది ఏది అని గ్రామ సభలో అడిగేవారు ఉండవలెను గదా. ఇప్పటివరకు మేము చూచిన ఊళ్లలో గుట్ట పోయిన తరువాత అడిగిరి.

ఐదవ బోరు మాట ఆ వృద్ధ దంపతుల ఇంట మరల లేచినప్పుడు, పూణె నుండి వచ్చిన కొడుకు ఒప్పుకొనలేదు. చాలాసేపు పెనుగులాట జరిగినది. చివరకు ఆ డబ్బుతో రెండు పనులు చేయుటకు పెద్దయ్య తల ఊపెను. చెలక వాలు పొడుగునా మొరము దాకా కందకాలు తీయించి వాన నీటిని అక్కడే ఇంకించుట ఒకటి. రెండవది చెరువు మట్టి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక తీసి పొలాలకు తోలుకొన్నవారు మంచి పంట చూచిరి గనుక ఆ మాటకు అడ్డు చెప్పలేదు. వేసవిలో ఊరి చెరువు ఎండినప్పుడు ట్రాక్టరుతో తోలించిరి. నల్లని మెత్తని మట్టి, చుట్టూ ఉన్న గుట్టల నుండి ఎన్ని వందల ఏళ్లుగా దిగినదో. దానిని ఎర్ర చెలక మీద కుప్పలు కుప్పలుగా పోసి, పెద్దమ్మ గంపతో వెదజల్లుచుండగా మేము అటుగా వెళ్లితిమి. "గుట్టనే తెచ్చి చేన్ల పోసుకుంటున్నం అయ్యగారూ" అన్నది. ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. ముప్పై రెండు ట్రాక్టర్లు పడినవట, ఇంకొక పది పడితే పై మడి కూడా నిండుతుందని లెక్క చూచుకొనుచున్నది.